పన్ను నోటీసు వస్తే సంఘం ఏమి చేయాలి? ప్లీడరును ఎలా పెట్టుకోవాలి?

(గన్నవరంలో పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో పన్ను వ్యవహారాలపై చేసిన ప్రసంగ పాఠం. సభ్య సంఘాల ఉపయోగార్థం ప్రచురిస్తున్నాము.)



మన ఇంట్లో గేదె మేత ముట్టకపోతే ఆ పూటే పశువుల డాక్టరును పిలుస్తాము. రేపు చూద్దామని ఎవ్వరమూ ఊరుకోము. ఈ గన్నవరంలో పశువైద్య కళాశాలే ఉన్నది. అవసరమైతే అక్కడికే తోలుకొని వస్తాము. కాని సంఘానికి ఆదాయపు పన్ను నోటీసు వస్తే మాత్రం ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి, వచ్చే పాలకవర్గ సమావేశంలో చూద్దామంటాము. ఆ సమావేశంలో కోరం ఉండదు. పై నెలలో కార్యదర్శి మారతాడు. చివరకు ఒకనాడు బ్యాంకుకు వెళితే సంఘం ఖాతా నిలిపివేశారని మేనేజరు గారు చెబుతారు. అప్పుడు పరుగు మొదలవుతుంది.

ఖాతా ఆగితే ఆగేది సంఘం డబ్బు మాత్రమే కాదని మీకు చెప్పనక్కరలేదు. రెండు గేదెలు పెట్టుకొని, ఆ పాల డబ్బులతో పిల్లల ఫీజు, కిరాణా బాకీ తీర్చుకొనే ఆడపడుచుల డబ్బు అది. అందుచేత ఈ రోజు నేను చెప్పబోయే విషయం పైకి చట్టం విషయంగా కనిపించినా, అసలు మన కేంద్రం ముందు ఉదయాన క్యాను పట్టుకొని నిలబడే సభ్యుల విషయమే.

“సహకార సంఘానికి పన్ను లేదు గదా!”

ఈ మాట ప్రతి ఊళ్ళోనూ వింటున్నాను. ఇది సగం నిజం. సగం నిజమే ఎక్కువ ప్రమాదం.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 80పి అనే సెక్షను ఉన్నది. ఇది 1968 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నది. సభ్యులు ఉత్పత్తి చేసిన పాలను సమాఖ్య స్థాయి సహకార సంఘానికి, అంటే మన యూనియన్‌కు, సరఫరా చేసే ప్రాథమిక సంఘానికి ఆ వ్యాపారం మీద వచ్చే లాభమంతటినీ ఆదాయంలో నుంచి తగ్గించుకొనే హక్కు ఈ సెక్షను ఇచ్చింది. 2026 ఏప్రిల్ 1తో ఆరంభమయ్యే సంవత్సరాలకు 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది. సెక్షన్ల నంబర్లు అందులో మారాయి. కాని పాత సంవత్సరాల వివాదాలు పాత చట్టం ప్రకారమే నడుస్తాయి. మన సంఘాలకు వచ్చే నోటీసులు ఎక్కువగా పాత సంవత్సరాలవే కనుక పాత నంబర్లతోనే చెబుతున్నాను.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. 80పి అనేది పన్ను లేకపోవడం కాదు. లెక్క చూపి, అడిగి తీసుకోవలసిన తగ్గింపు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. 2018-19 అసెస్‌మెంటు సంవత్సరం నుంచి ఇంకొక షరతు కూడా వచ్చింది. గడువులోగా రిటర్ను వేసిన సంఘానికే ఈ తగ్గింపు. గడువు దాటి వేస్తే తగ్గింపు పోతుంది. అసలు రిటర్నే వేయకపోతే చెప్పనే అక్కరలేదు.

పోతే ఎంత పోతుంది? ఒక సంఘానికి ఏడాదికి 3,00,000 రూపాయల నికర లాభం వచ్చిందనుకొందాం. సహకార సంఘాలకు వ్యక్తులకు ఉన్నట్లు పన్ను లేని కనీస పరిమితి లేదు. పాత రేట్ల ప్రకారం మొదటి 10,000 మీద నూటికి 10, తరువాతి 10,000 మీద నూటికి 20, ఆపైన నూటికి 30. అంటే 1,000, 2,000, 84,000 కలిపి 87,000 రూపాయలు. దాని మీద నూటికి 4 చొప్పున సెస్సు 3,480. మొత్తం 90,480 రూపాయలు. దీనికి వడ్డీ, ఆలస్య రుసుము వేరు. రిటర్ను గడువులో వేసి, లాభమంతా యూనియన్‌కు పోసిన పాల మీదే అయి ఉంటే, ఇదే సంఘానికి పన్ను సున్న. సభ్యులకు బోనస్‌గా పంచవలసిన డబ్బు ఒక్క తేదీ తప్పినందుకు పోతున్నదన్న మాట.

చిక్కులు ఎక్కడ వస్తున్నాయి?

నేను చూచినంతలో పాల సంఘాలకు చిక్కులు ముఖ్యంగా ఐదు చోట్ల వస్తున్నాయి.

మొదటిది గడువు. ఏ చట్టం ప్రకారమైనా ఆడిట్ తప్పనిసరి అయిన సంఘానికి రిటర్ను గడువు సాధారణంగా అక్టోబరు 31. మన సంఘాలు 1964 నాటి సహకార చట్టం కిందనో, 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కిందనో నమోదైనవి. రెండింటి కిందా ఆడిట్ తప్పనిసరే. కనుక జూలై 31 దాటిందని గుండె జారవిడుచుకోవద్దు. ఆ కారణంతో తగ్గింపు కొట్టివేస్తే అది వాదించవలసిన విషయం.

రెండవది లోకల్ సేలు. యూనియన్‌కు పంపగా ఊళ్ళో విడిగా అమ్మిన పాల మీద లాభం పై తగ్గింపులోకి రాదు. అటువంటి ఇతర ఆదాయాలకు 50,000 రూపాయల వరకే వేరే తగ్గింపు ఉన్నది. రెండూ ఒకే పద్దులో కలిపి రాసిన సంఘం మొత్తానికీ సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. అలాగే సభ్యులు కాని వారి పాలు. చట్టం “సభ్యుల” పాలు అన్నది. పాలు పోసే వారందరినీ సభ్యులుగా చేర్చుకొని ఆ రిజిస్టరు సరిగా ఉంచుకోవడమే దీనికి మందు.

మూడవది డిపాజిట్ల మీద వడ్డీ. మరొక సహకార సంఘంలో పెట్టిన డబ్బు మీద వడ్డీకి ఒక నియమం, వాణిజ్య బ్యాంకులో పెట్టిన డబ్బు మీద వడ్డీకి మరొక నియమం. వివాదాలు ఎక్కువగా ఇక్కడే.

నాలుగవది మూలంలో కోత. 2021 జూలై 1 నుంచి, 10 కోట్లకు పైబడిన వ్యాపారం ఉన్న కొనుగోలుదారు ఒకరి వద్ద ఏడాదిలో 50 లక్షలకు మించి సరుకు కొంటే, మించిన మొత్తం మీద నూటికి 0.1 చొప్పున కోయాలి. యూనియన్‌కు ఏడాదికి 80 లక్షల పాలు పోసిన సంఘానికి 30 లక్షల మీద 3,000 రూపాయలు కోత పడుతుంది. రిటర్ను వేసి వాపసు తీసుకోవచ్చు. కాని పాన్ నంబరు ఇవ్వని సంఘానికి కోత నూటికి 5. అంటే అదే 30 లక్షల మీద 1,50,000 రూపాయలు! వరుసగా మూడేళ్ళు రిటర్నులు వేయని సంఘం బ్యాంకు నుంచి ఏడాదిలో 20 లక్షలకు మించి నగదు తీసినా పాత చట్టం కింద కోత ఉండేది.

ఐదవది, అన్నింటికంటె విచిత్రమైనది, నోటీసు మనకు అందకపోవడం. ఈ రోజుల్లో నోటీసు పోస్టులో వస్తుందని ఎదురుచూడరాదు. పోర్టల్‌లోనూ, అక్కడ నమోదైన ఈమెయిలు చిరునామాకూ వస్తుంది. ఆ ఈమెయిలు ఎవరిది? చాలా సంఘాల విషయంలో అది పాన్ కార్డు తీయించిన నెట్ సెంటరు కుర్రవాడిది, లేదా మానివేసిన కార్యదర్శిది. నోటీసు వచ్చింది, గడువు నడిచింది, ఉత్తర్వు కూడా వచ్చింది. సంఘానికి మాత్రం తెలియదు. ఊరికి వెళ్ళగానే మొదట చూడవలసినది ఇదే.

ఆడిటరా, ప్లీడరా?

మనం ఆడిటరు అనే మాటను ఇద్దరికి వాడుతున్నాము. సహకార చట్టం ప్రకారం లెక్కలు తనిఖీ చేసే వారు ఒకరు, పన్ను రిటర్ను వేసిపెట్టే చార్టర్డ్ అకౌంటెంటు మరొకరు. ఒకరు పని ముగించినంత మాత్రాన రెండవ పని అయినట్లు కాదు. ఆడిట్ అయిపోయింది కనుక పన్ను వ్యవహారం కూడా అయిపోయిందని అనుకోవడం వల్లనే ఎన్నో సంఘాలు రిటర్ను వేయకుండా ఉండిపోయాయి.

ప్రతి నోటీసుకూ ప్లీడరు అక్కరలేదు. గోటితో పోయే దానికి గొడ్డలి ఎందుకు? లెక్కల్లో అంకె పొరపాటు, కోసిన పన్ను ఖాతాలో జమ కనిపించకపోవడం, సమాచారం పంపమని అడగడం, ఇటువంటివి చార్టర్డ్ అకౌంటెంటు సరిదిద్దగలరు. పన్ను అధికారుల ముందు, అప్పీలు అధికారి ముందు, ట్రిబ్యునల్ ముందు సంఘం తరఫున హాజరు కావడానికి న్యాయవాదికి గాని చార్టర్డ్ అకౌంటెంటుకు గాని 288వ సెక్షను అనుమతి ఇస్తున్నది. సంఘం ఉద్యోగి కూడా హాజరు కావచ్చు. హైకోర్టుకు వెళ్ళితే మాత్రం న్యాయవాదే కావాలి.

మరి ప్లీడరు ఎప్పుడు? వివాదం అంకె మీద గాక చట్టంలోని మాట మీద ఉన్నప్పుడు. పాత సంవత్సరం అసెస్‌మెంటును తిరగదోడుతూ 148వ సెక్షను నోటీసు వచ్చినప్పుడు. తగ్గింపు మొత్తాన్ని కొట్టివేస్తూ ఉత్తర్వు వచ్చినప్పుడు. ఖాతా నిలిపివేత జరిగినప్పుడు లేదా జరగబోతున్నప్పుడు. జరిమానా ప్రస్తావన వచ్చినప్పుడు. ఈ ఐదు సందర్భాల్లో జాగు చేయకుండా న్యాయవాది సలహా తీసుకోవాలి. లెక్కలు తెలిసిన అకౌంటెంటు, చట్టం తెలిసిన ప్లీడరు కలిసి కూర్చుంటే సంఘానికి మరీ మేలు.

ఎలాంటి ప్లీడరును ఎంచుకోవాలి?

మన ఊరి భూమి తగాదా గెలిపించిన ప్లీడరు గారు మంచివారే కావచ్చు. కాని పన్ను చట్టం వేరే విద్య. పళ్ళ డాక్టరు వద్ద కంటికి మందు వేయించుకోము గదా! విజయవాడలో పన్ను వ్యవహారాలే వృత్తిగా చేసేవారు ఉన్నారు. వారిలోనూ సహకార సంఘాల వ్యవహారం చూచిన వారు కావాలి.

వెళ్ళినప్పుడు మొహమాటం లేకుండా ఈ ప్రశ్నలు అడగండి. 80పి మీద సంఘాల తరఫున అప్పీళ్ళు చేశారా? మా పని మీరే చూస్తారా, జూనియరు చూస్తారా? మా వ్యవహారంలో బలహీనత ఏమిటి? ఈ మూడవ ప్రశ్న ముఖ్యం. బలహీనత ఏమీ లేదు, తప్పకుండా గెలుస్తామని మొదటి రోజే చెప్పే వారి వద్ద జాగ్రత్తగా ఉండండి. మీ కాగితాలు చదివి, ఇక్కడ మనకు ఇబ్బంది ఉన్నది, ఇక్కడ బలం ఉన్నది అని చెప్పేవారే పనికివచ్చే వారు.

అధికారి తనకు తెలుసునని, పైన చూచుకొంటానని అనేవారి గడప తొక్కవద్దు. ఇప్పుడు చాలా అసెస్‌మెంట్లు, అప్పీళ్ళు ముఖాముఖి లేకుండానే జరుగుతున్నాయి. మన ఫైలు దేశంలో ఏ మూల ఏ అధికారి చూస్తున్నారో మనకే గాక ప్లీడరుకు కూడా తెలియదు. అటువంటి చోట పరపతి పేరుతో అడిగే డబ్బు ఎక్కడికి పోతుందో మీరే ఆలోచించండి.

ఫీజు, తీర్మానం, వకాల్తా

ఫీజు విషయం ముందే కాగితం మీద ఉండాలి. ఏ ఏ మెట్టుకు ఎంత? నోటీసుకు జవాబు, అప్పీలు, ట్రిబ్యునల్, ఇవన్నీ వేరు వేరు. టైపు ఖర్చులు, ప్రయాణ ఖర్చులు అందులో కలిసినవా, విడిగానా? ఇచ్చిన ప్రతి రూపాయికి రసీదు కావాలి. రసీదు లేని ఖర్చు రేపు మన ఆడిట్‌లో అభ్యంతరమై కార్యదర్శి మెడకు చుట్టుకొంటుంది.

“గెలిస్తే తగ్గిన పన్నులో నూటికి ఇరవై ఇవ్వండి, ఓడితే ఏమీ వద్దు” అనే బేరం వినడానికి ఇంపుగా ఉంటుంది. న్యాయవాది అటువంటి ఒప్పందం చేసుకొనరాదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు నిషేధిస్తున్నాయి. నియమం తప్పి పని మొదలుపెట్టే వారు మన పని నియమం ప్రకారం చేస్తారని ఎలా నమ్ముతాము?

పాలకవర్గం తీర్మానం లేకుండా అధ్యక్షుడు గాని కార్యదర్శి గాని సొంతంగా ప్లీడరును పెట్టరాదు. మినిట్సు పుస్తకంలో నోటీసు తేదీ, విషయం, ఎవరిని నియమించినది, ఎంత ఫీజు, సంఘం తరఫున సంతకం చేసే అధికారం ఎవరికి అన్నవి స్పష్టంగా రాయాలి. ఖాళీ కాగితం మీద, ఖాళీ వకాల్తా మీద సంతకం చేసి ఇవ్వవద్దు. పోర్టల్ పాస్‌వర్డు సంఘం వద్ద ఉండాలి. పని నిమిత్తం ఇవ్వవలసి వస్తే పని అయిన తరువాత మార్చుకోవాలి. నమోదైన ఈమెయిలు, ఫోను మాత్రం ఎన్నటికీ సంఘానివే కావాలి.

ప్లీడరుతో సరిపడకపోతే మార్చుకొనే హక్కు మీకు ఉన్నది. ఫీజు బాకీ ఉన్నదన్న కారణంతో కక్షిదారు ఫైలును న్యాయవాది అట్టిపెట్టుకొనరాదని సుప్రీంకోర్టు 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో తీర్పు చెప్పింది. వృత్తి ధర్మం తప్పితే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. వినియోగదారుల ఫోరానికి మాత్రం వెళ్ళే వీలు లేదు. న్యాయవాదుల సేవ ఆ చట్టం కిందికి రాదని 2024 మే నెలలో సుప్రీంకోర్టు తేల్చింది. కనుక ఎంచుకొనేటప్పుడే జాగ్రత్త.

మనం ఇవ్వవలసిన సరంజామా

ఎంత గొప్ప ప్లీడరైనా మన కాగితాలను మించి వాదించలేడు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు, బైలాలు, సభ్యుల రిజిస్టరు, ఆడిట్ రిపోర్టు, యూనియన్ ఇచ్చిన పాల బిల్లులు, లోకల్ సేలు పుస్తకం, సభ్యులకు పాల డబ్బు చెల్లించిన పట్టీలు, బ్యాంకు పాసుపుస్తకం, పాత రిటర్నుల నకళ్ళు, నోటీసు అందిన తేదీకి రుజువు, ఇవన్నీ వరుసగా కట్టి ఇవ్వాలి. ఒరిజినల్సు సంఘంలోనే ఉంచి నకళ్ళు ఇవ్వాలి.

ఈ కాగితాల విలువ చెప్పడానికి రెండు ఉదాహరణలు ఇస్తాను.

ఒకటి. రోజుకు ఒక వ్యక్తికి 10,000 రూపాయలకు మించి నగదు చెల్లిస్తే ఆ ఖర్చును ఒప్పుకోరాదన్న నియమం పన్ను చట్టంలో ఉన్నది. సభ్యులకు పాల డబ్బు నగదుగా ఇచ్చిన సంఘాన్ని అధికారి ఈ నియమం కింద నిలదీయవచ్చు. కాని పాడి ఉత్పత్తులకు ఉత్పత్తిదారుకే నేరుగా చెల్లించిన డబ్బుకు 6డిడి రూలులో మినహాయింపు ఉన్నది. తెలిసిన ప్లీడరు ఆ రూలు చూపుతాడు. కాని తీసుకొన్నవాడు పాల ఉత్పత్తిదారుడే అని చూపవలసినది మన చెల్లింపు పట్టీ, సభ్యుల రిజిస్టరు.

రెండు. ఆడిట్ ఆలస్యమై రిటర్నులు గడువు దాటిన సహకార సంఘాలు దేశమంతటా ఉండినవి. 2023 జూలై 26న కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 13/2023 నంబరు సర్క్యులరు ఇచ్చింది. 2018-19 నుంచి 2022-23 వరకు అసెస్‌మెంటు సంవత్సరాలకు, రాష్ట్ర చట్టం కింద ఆడిట్ జాప్యం వల్ల గాని తమ చేతిలో లేని ఇతర కారణాల వల్ల గాని ఆలస్యమైతే, ఆ ఆలస్యాన్ని మన్నించే అధికారం చీఫ్ కమిషనర్లకు అప్పగించింది. కాని రుజువు కావాలి. ఆడిటరును ఎప్పుడు నియమించారు, ఆడిట్ ఎప్పుడు పూర్తయింది అని అడుగుతారు. లెక్కలు సిద్ధంగా ఉన్నవి, ఆడిట్ చేయవలసిందని తేదీ వేసి రాసిన ఒక్క ఉత్తరం నకలు ఉన్న సంఘం ధైర్యంగా దరఖాస్తు పెట్టుకోగలదు. నోటితో పదిసార్లు అడిగిన సంఘానికి చూపడానికి ఏమీ ఉండదు. ఇకముందు ఆడిట్ కోసం రాతపూర్వకంగానే అడగండి. రసీదు తీసుకోండి.

ఉత్తర్వు వచ్చిన తరువాత మూడు దారులు

ఉత్తర్వులో పైకే కనిపించే పొరపాటు ఉంటే 154వ సెక్షను కింద సరిదిద్దమని కోరవచ్చు. ఇది ఖర్చు తక్కువ దారి. వివాదం ఉన్నదైతే 30 రోజులలోగా మొదటి అప్పీలు వేయాలి. ఆ అప్పీలు రుసుము 250 నుంచి 1,000 రూపాయల లోపే. అప్పీలు వేయని పక్షంలో ఏడాదిలోగా 264వ సెక్షను కింద కమిషనరుకు పునఃపరిశీలన కోరవచ్చు. ఏ దారి పట్టాలన్నది ప్లీడరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. ఒక దారిలో వెళితే మరొక దారి మూసుకొనే సందర్భాలు ఉన్నవి.

అప్పీలు వేసినంత మాత్రాన వసూలు ఆగదు. చాలామంది ఇక్కడే దెబ్బ తింటున్నారు. వసూలు ఆపమని విడిగా స్టే అడగాలి. 2017 జూలైలో బోర్డు సవరించిన సూచనల ప్రకారం సాధారణంగా డిమాండులో నూటికి 20 కట్టమంటారు. సంఘం పరిస్థితి, 80పి కింద మన హక్కు వివరించి తగ్గించమని కోరవచ్చు. ఈ దరఖాస్తు పెట్టిన సంఘం ఖాతా కాపాడుకొనే అవకాశం ఉన్నది. ఊరుకొన్న సంఘానికి అది లేదు.

తీర్పులను సొంతంగా అన్వయించుకోవద్దు

పత్రికలో సహకార సంఘాలకు అనుకూలంగా తీర్పు అని పడగానే ఇక మనకు భయం లేదని అనుకోరాదు. మన తెలుగు నేల నుంచే రెండు కేసులు చెబుతాను.

నెల్లూరు ప్రాంతపు వవ్వేరు సహకార గ్రామీణ బ్యాంకు కేసులో, 2017లో అప్పటి ఉమ్మడి హైకోర్టు సంఘాల పక్షాన తీర్పు చెప్పింది. సంఘం తన అసలు కార్యకలాపాల మీద సంపాదించిన డబ్బును జాతీయ బ్యాంకుల్లో పెట్టినంత మాత్రాన, దాని మీద వచ్చే ఆదాయం తన స్వభావాన్ని కోల్పోదని చెప్పింది. మంచి తీర్పే. కాని అది పరపతి మొదలైన కార్యకలాపాలకు వర్తించే ఉపసెక్షను గురించి వచ్చిన తీర్పు. పాల సంఘాల క్లాజు వేరు, అందులోని మాటలు వేరు. ఆ తీర్పును మన పక్షాన ఎంతవరకు వాడుకోవచ్చునో తూచి చెప్పడమే ప్లీడరు పని.

అదే 2017 ఆగస్టులో హైదరాబాదుకు చెందిన సిటిజన్ కోఆపరేటివ్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు సంఘానికి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. పేరుకు నామమాత్రపు సభ్యులుగా చూపి, బయటి వారితో వ్యాపారం చేసిన సంఘానికి 80పి తగ్గింపు దక్కదన్నది. సహకార సంఘమన్న బోర్డు ఒక్కటే రక్షణ కాదని దీనివల్ల తెలుస్తున్నది. ఆ తరువాత 2021 జనవరిలో కేరళకు చెందిన మావిలాయి సంఘం కేసులో, 80పి సహకార రంగాన్ని ప్రోత్సహించడానికి ఉద్దేశించినదనీ, దానిని ఉదారంగా చదవాలనీ సుప్రీంకోర్టే చెప్పింది.

ఇంకొక విషయం. రిటర్ను ఆలస్యమైందన్న కారణంతో కంప్యూటరు ప్రాసెసింగులోనే 80పి తగ్గింపును కొట్టివేయవచ్చునని చట్టంలో స్పష్టంగా రాసినది 2021 ఏప్రిల్ 1 నుంచి. అంతకు ముందు చేసిన కోతల మీద తీర్పులు రెండు విధాలుగానూ వచ్చాయి. మీ సంఘానికి వచ్చిన ఉత్తర్వు ఏ తేదీది, ఏ సంవత్సరానిది అన్న దాని మీద వ్యవహారమంతా తిరగవచ్చు. పైకి ఒకేలా కనిపించే రెండు నోటీసులలో ఒకటి గెలిచేది, ఒకటి ఓడేది కావచ్చు. పక్క ఊరి సంఘం కట్టింది గనుక మనమూ కట్టడం, పక్క ఊరి సంఘం మానేసింది గనుక మనమూ మానడం, రెండూ తప్పే.

ఒంటరిగా వద్దు

“పాతిక వేల డిమాండుకు ముప్పై వేల ఫీజు ఎందుకండీ?” అని ఒక అధ్యక్షుల వారు నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి నా జవాబు రెండు భాగాలు. ఒకటి, ఈ ఏడాది ఒప్పుకొన్న వాదన వచ్చే ఏడాది మళ్ళీ నోటీసై వస్తుంది. పాతిక వేలు ఒకసారితో ఆగదు. రెండు, మనకు సహకారం నేర్పిన పాఠమే ఇక్కడా పనికివస్తుంది. ఒక్కొక్కరి గ్లాసెడు పాలకు బజారులో బేరం ఉండదనే గదా అందరం కలిపి పోస్తున్నాము. ఒకే రకం నోటీసు వచ్చిన పది సంఘాలు కలిసి యూనియన్ ద్వారా ఒకే ప్లీడరును మాట్లాడుకొంటే ఒక్కొక్కరికి పడే ఖర్చు బాగా తగ్గుతుంది. అప్పీలు మాత్రం ఏ సంఘం తన పేరున తాను విడిగా వేయాలి. తీర్మానం కూడా ఎవరిది వారిదే.

మరొక అధ్యక్షుల వారు, సహకార సంఘాలకు నూటికి 22 పన్ను చాలునన్న కొత్త పద్ధతి వచ్చిందట గదా, అందులో చేరవచ్చునా అని అడిగారు. నూటికి 30 కంటె 22 తక్కువగా కనిపిస్తుంది. కాని ఆ పద్ధతిలో చేరిన సంఘం 80పి తగ్గింపును వదులుకోవాలి. సున్న పన్ను ఉన్నవాడు 22కు ఎందుకు పోవాలి? కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుంది. ఆ పద్ధతిని ఒకసారి ఎంచుకొంటే వెనక్కు రావడం కుదరదు. సలహా తీసుకోకుండా ఆ గడిలో టిక్కు పెట్టనివ్వవద్దు.

ఈ వారంలో చేయవలసినవి

ఇంతసేపు విన్నందుకు ఫలితం ఉండాలంటే, ఇళ్ళకు వెళ్ళిన తరువాత ఈ వారంలోనే ఐదు పనులు చేయండి. పోర్టల్ తెరిపించి సంఘం పేరున ఏమైనా నోటీసులు, డిమాండ్లు ఉన్నవేమో చూడండి. ఈమెయిలు, ఫోను నంబరు సంఘానివిగా మార్చండి. పాన్ నంబరు యూనియన్ రికార్డులో సరిగా ఉన్నదా చూడండి. గడచిన సంవత్సరాల రిటర్నులు వేసినదీ లేనిదీ ఒక కాగితం మీద రాసి పాలకవర్గం ముందు పెట్టండి. లోకల్ సేలుకు వేరే పద్దు తెరవండి. ఈ ఐదింటికీ ప్లీడరు అక్కరలేదు, ఫీజు అక్కరలేదు. ఇవి చేసిన సంఘానికి ప్లీడరు అవసరం పడటం తక్కువ. పడినా అతని చేతికి ఆయుధం ఉంటుంది.

ఈ సంఘాలు ఎవరో దయతో ఇచ్చినవి కావు. పాలు పోసేవారు కట్టుకొన్నవి. చట్టం మనకు ఇచ్చిన తగ్గింపు కూడా భిక్ష కాదు, హక్కు. హక్కును నిలుపుకోవడానికి లెక్క సరిగా ఉండాలి, గడువు తప్పరాదు, అవసరమైన చోట తెలిసినవారి సహాయం సకాలంలో తీసుకోవాలి. ఈ మూడూ పాటించిన సంఘం ఏ నోటీసుకూ తలవంచవలసిన పని లేదు.